సాగర్ డ్యాం చూశాను, సాగరం చూడలేదు

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, కల్వకుర్తికి దగ్గరి ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినవారు రిటైరైన సోషల్ టీచర్. వయసు 62. భర్త పోయి నాలుగేళ్లయింది. పేరు, ఊరు వేయవద్దన్నారు. రూళ్ల కాగితం మీద పదకొండు పేజీలు, ప్రతి పేజీకీ ఎడమవైపు మార్జిను గీసి మరీ రాశారు. అంతా వేయడానికి చోటు లేదు గనుక సంగతి క్లుప్తంగా చెబుతాను.

ఒక్కడే కొడుకు. హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం. కోడలు బ్యాంకులో పనిచేస్తుంది. పాపకు ఐదున్నరేళ్లు, బాబుకు ఏడాదిన్నర. సంక్రాంతి సెలవుల్లో అందరూ అండమాన్ వెళ్లి ఐదు రాత్రులు ఉండి రావాలని కొడుకూ కోడలూ అనుకున్నారు. "మీరు లేకుండా మేము వెళ్లం అత్తమ్మా" అంది కోడలు. ఆ మాటతో ఈవిడ కాళ్లు నాలుగు రోజులు నేల మీద నిలవలేదట. ఎందుకో ఆవిడ మాటల్లోనే వినండి:

"ముప్పై మూడేళ్లు పిల్లల చేత భారతదేశం పటం గీయించాను. కుడివైపు, బంగాళాఖాతంలో, చుక్కలు పెట్టించి అండమాన్ నికోబార్ దీవులు అని రాయించాను. చుక్కలు మరిచిన వాళ్లకు అర మార్కు కోశాను. నేను మాత్రం సముద్రమే చూడలేదు. మా నాయన నాగార్జునసాగర్ కట్టేటప్పుడు రాళ్లు మోశాడు. పేరులో సాగరం ఉన్న డ్యాం చూశాను, సాగరం చూడలేదు."

ఐదో రోజు ఈవిడ వంటింట్లో గోంగూర తెంపుతూ ఉండగా, కొడుకు స్నేహితుడితో ఫోనులో మాట్లాడటం వినబడింది. "అమ్మ వస్తోంది, ఇక ఆయా బెంగ లేదు. పిల్లలను ఒడ్డున అమ్మ దగ్గర వదిలేసి మేమిద్దరం స్కూబాకు వెళ్తాం." స్కూబా అంటే గాలి సిలిండరు కట్టుకుని సముద్రం లోపల ఈదడం. ఆ సాయంత్రం ప్రయాణం పట్టిక చూపించారు. బ్రిటిష్ వాళ్లు స్వాతంత్ర్య యోధులను బంధించిన సెల్యులార్ జైలు అందులో లేదు. అడిగితే, "పిల్లలకు విసుగమ్మా, అయినా అదంతా నీకు పుస్తకాల్లో తెలిసిందే కదా" అన్నాడు కొడుకు.

చెల్లెలేమో "కొడుకూ కోడలూ విమానం ఎక్కిస్తామంటే వంకలు పెడతావా, నోరు మూసుకుని వెళ్లు" అంటోంది. బడిలో కలిసి పనిచేసిన స్నేహితురాలేమో "పనిమనిషిగా పోయేదానికి పెన్షన్ ఎందుకు, ఆత్మాభిమానం ఎందుకు" అంటోంది. టికెట్లు ఈ నెలాఖరుకు కొంటారు. వెళ్లాలా? వెళ్లకపోతే ఏ సాకు చెప్పాలి? సునామీ మళ్లీ వస్తే పిల్లలతో ఎటు పరుగెత్తాలి? సముద్రం దగ్గరికి ఏ చీర కట్టుకోవాలి? ఇవీ అడిగినవి.

చివరి పేజీలో, మార్జిను గీతకు అవతల, నిలువుగా, సన్నటి అక్షరాలతో ఇంకో నాలుగు వాక్యాలున్నాయి. "పోయిన వేసవిలో హైదరాబాద్ బయట ఒక రిసార్టుకు వెళ్లాం. బాబుకు డైపర్ మారుస్తుంటే పాప పిల్లల కొలనులో జారిపడింది. అరుపు కూడా వినబడలేదు, పక్కనున్న ఆవిడెవరో లేపింది. ఐస్‌క్రీం కొనిచ్చి అమ్మకు చెప్పకు అన్నాను, ఈ మధ్య తలంటు పోస్తుంటే పాప ఏడుస్తోందని కోడలు అంటోంది."

టీచర్ గారూ,

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నాకూ మీ అబ్బాయి మీద కోపం వచ్చింది. రెండోసారి చదివేటప్పుడు చూపు మార్జిను దాటి అవతలికి పోయింది. పదకొండు పేజీలూ ఆ నాలుగు వాక్యాల కోసమే రాశారనిపించింది. అయినా మీరు రాసిన వరుసలోనే వస్తాను. మీరు టీచర్, ప్రశ్నల వరుస తప్పితే మీకు నచ్చదు.

ముందు ఆ ఫోను మాట. "ఆయా బెంగ లేదు" అన్నది చెవిన పడితే ఏ తల్లికైనా గుచ్చుకుంటుంది. గుచ్చుకోవద్దని నేను చెప్పను. కానీ అది స్నేహితుడితో అన్న మాట. మా అమ్మను సముద్రం దగ్గరికి తీసుకెళ్లాలని నాకు ఎన్నాళ్లుగానో ఉందని స్నేహితుడి దగ్గర చెప్పుకునే మగవాళ్లు మన వైపు ఎంతమంది ఉంటారు? ఆ ముక్క మింగేసి ఆయా ముక్క పైకి అంటారు. "మీరు లేకుండా మేము వెళ్లం" అన్న కోడలి మాటలోనూ ఆ రెండూ ఉన్నాయి. మీరుంటే ఆ అమ్మాయికి సంతోషం, మీరు లేకపోతే ఆ అమ్మాయికి సాగదు. ప్రేమా అవసరమూ ఒకే బస్తాలో పోసిన గింజలు, చాటలో వేసి ఎంత చెరిగినా విడిపోవు.

మీ ఇంట్లోనే చూడండి. మీరు బడికి వెళ్లిన రోజుల్లో మీ అబ్బాయిని మీ అత్తగారే చూసుకున్నారని మూడో పేజీలో రాశారు. ఆవిడను మీరు ఆయా అనుకోలేదు. అనుకోలేదు గానీ, ఆవిడ లేకపోతే మీకు ఉద్యోగం సాగేది కాదు. కాబట్టి మనవలను చూసుకోమన్నందుకు కోపం తెచ్చుకుంటే మీ స్నేహితురాలి మాట నెగ్గుతుంది, మీరు మాత్రం నెగ్గరు.

అయితే ఒక పెద్ద తేడా ఉంది. మీ అత్తగారు కాపలా కాసింది వాకిట్లో. మీ అబ్బాయి మిమ్మల్ని కూర్చోబెడతానంటున్నది సముద్రం ఒడ్డున.

నేను అండమాన్ వెళ్లింది పన్నెండేళ్ల కిందట, మా చిన్నవాడికి రెండేళ్లప్పుడు. హావ్‌లాక్ దీవిలో రాధానగర్ తీరం. చదునుగా, మెత్తగా, చూడటానికి మన చెరువు గట్టు కన్నా భయం లేని చోటులా ఉంటుంది. అల వచ్చి వెనక్కి పోయేటప్పుడు పాదాల కింది ఇసుకను తోడుకుని పోతుంది. పెద్దవాళ్లకు అది గిలిగింత. రెండేళ్లవాడికి అంతమాత్రానికే మడమలు దిగబడి, వెల్లకిలా పడతాడు. లేచేలోగా రెండో అల. పాలసీసా మూతలో ఇసుక పడిందని నేను తల వంచి కొంగుతో తుడిచాను. తల ఎత్తేసరికి వాడు నాలుగు అడుగులు లోపల ఉన్నాడు, నవ్వుతూ. మావారు అందుకున్నారు. ఏమీ కాలేదు. కానీ ఆ మూత తుడవడానికి ఎంతసేపు పట్టిందో ఇప్పటికీ చెప్పగలను. మూడు తుడుపులు.

నీటి దగ్గర చిన్నపిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కో పెద్ద మనిషి ఉండాలి, అదీ చెయ్యి చాపితే అందేంత దూరంలో. కూర్చుని కాదు, నిలబడి. ఫోను సంచిలో ఉండాలి. చేతులకు తొడిగే గాలి బుడగలు ఆటవస్తువులే, వాటిని నమ్ముకోకూడదు. ఇప్పుడు మీ లెక్క చూడండి. ఇద్దరు పిల్లలు, ఒక్క నానమ్మ. ఆ నానమ్మకు ఈత రాదు, మోకాళ్లు అరిగాయి, ఇసుకలో గబుక్కున లేవలేదు. తల్లిదండ్రులు పడవ మీద, పిలిస్తే పలకనంత దూరంలో. ఈ లెక్క ఏ బోర్డు మీద వేసినా కుదరదు. "ఒడ్డున ఇద్దరినీ నేను ఒక్కదాన్ని చూడలేను" అనడం మొండితనమూ కాదు, సుఖం కోరుకోవడమూ కాదు. సిగ్గుపడకుండా అనవలసిన మాట.

ఆ మాట మీ నోట ఎందుకు రావడం లేదో మార్జిను అవతలి వాక్యాలు చెబుతున్నాయి.

టీచర్ గారూ, మీరు కళ్లు మూసుకుని కూర్చోలేదు. ఒక పిల్లవాడికి డైపర్ మారుస్తున్నారు. మీ స్థానంలో ఇరవై ఎనిమిదేళ్ల తల్లి, ఈత వచ్చిన తల్లి ఉన్నా అదే జరిగి ఉండేది. అరుపు వినబడలేదని రాశారు. వినబడదు. నోరూ ముక్కూ నీళ్లలో ఉన్న పిల్లకు ఊపిరే ఉండదు, అరుపెక్కడిది? సినిమాల్లో చూపించినట్టు చేతులు ఊపి కేకలు పెట్టడం అందరికీ సాధ్యం కాదు. చాలాసార్లు చప్పుడే ఉండదు. మీ చెవుల తప్పేమీ లేదు.

దాచడం మాత్రం వేరే సంగతి. ఒక్కరే ఇద్దరు పిల్లలను నీటి దగ్గర చూసుకునే ఏర్పాటు ఒకసారి విఫలమైందని తెలిసిన పెద్ద మనిషి ప్రపంచంలో మీరొక్కరే. మీ అబ్బాయి, కోడలు అది పనిచేస్తుందన్న నమ్మకంతో సముద్రానికి ప్రయాణం కట్టారు. మీరు వెళ్లినా మానినా ఈ సంగతి వాళ్లకు తెలియాలి. వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టానికి వదిలేస్తాను. ఈ ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం దాచుకోలేను.

చెబితే ఏమవుతుంది? అంతా సర్దుకుంటుందని నేను మాట ఇవ్వలేను. కోడలు కొన్నాళ్లు ముభావంగా ఉండవచ్చు. వేసవి సెలవులకు పిల్లలను మీ ఊరికి పంపడానికి వెనకాడవచ్చు. ఒంటరిగా ఉంటున్న మీకు అది చిన్న నష్టం కాదు. చెప్పకపోతే? వెళ్తే ఐదు రోజులు గుండె చేతిలో పట్టుకుని తిరుగుతారు. మోకాళ్ల నొప్పి అని సాకు చెప్పి ఆగిపోతే, వాళ్లు ఇంకెవరినో ఒడ్డున కూర్చోబెడతారు, జాగ్రత్త మాత్రం పెరగదు. పాప ఏ ఏడేళ్లకో ఎనిమిదేళ్లకో ఈ సంగతి తనంతట తానే బయటపెడుతుంది. పిల్లలు పెడతారు, అన్నం తింటూ మామూలుగా అనేస్తారు. అప్పుడు మాట కొలను గురించి ఉండదు, "నానమ్మ దాచమంది" అన్న దాని గురించే ఉంటుంది.

ఎవరికి చెప్పాలన్నది మీరే తేల్చుకోవాలి. అబ్బాయికి విడిగా చెబితే తేలిక. "సరేలే అమ్మా, ఏమీ కాలేదు కదా" అంటాడు, అక్కడితో ఆపేస్తాడు. ఆ తర్వాత కోడలికి అది వంకరటింకరగా చేరుతుంది. కోడలికి ముందు చెబితే మొదటి ఐదు నిమిషాలు కష్టం. కానీ తలంటు దగ్గర ఏడుపు గమనించింది ఆ అమ్మాయే. తన ప్రశ్నకు జవాబు మీ దగ్గర దొరికితే కోపంతో పాటు ఊరట కూడా ఉంటుంది. ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకేసారి చెప్పడం మూడో దారి. నేనైతే కోడలితో మొదలుపెడతాను. ఫోనులో వద్దు. పిల్లలు నిద్రపోయాక, ఎదురుగా కూర్చుని, చిన్నగా: "వేసవిలో పాప కొలనులో పడింది. నేను చూడలేదు. ఎవరో లేపారు. భయపడి నీకు చెప్పలేదు, పాపను కూడా చెప్పవద్దన్నాను. అది నా తప్పు." ఇంతే. "కానీ" అన్న మాట చేర్చకండి. ఆ పూట ఆయా మాట ఎత్తకండి. రెండూ కలిపితే ఒప్పుకోలు కాస్తా బేరంలా వినబడుతుంది, రెండూ చెడతాయి. ఆయా మాటకు వేరే రోజు ఉంది.

పాపతో కూడా మాట్లాడాలి. ఐదున్నరేళ్ల పిల్ల నానమ్మ ఇచ్చిన రహస్యాన్ని ఇన్ని నెలలుగా మోస్తోంది. "ఆ రోజు అమ్మకు చెప్పవద్దని నేను తప్పు చెప్పాను. అమ్మకు చెప్పేశాను, నువ్వూ చెప్పవచ్చు" అనండి. తలంటు ఏడుపు దానితోనే పోతుందో లేదో తెలియదు. నీళ్లంటే భయం పట్టుకుని ఉంటే నెమ్మదిగా, చెంబుతో, కళ్లలో పడకుండా మొదలుపెట్టాలి. ఆ భయం తగ్గకుండా పిల్లను నేరుగా అలల ముందు నిలబెట్టడం మంచిది కాదు, ఈ సంగతి కూడా ప్రయాణం కట్టేవాళ్లకు తెలియాలి కదా.

ఇక ప్రయాణం.

మాట్లాడుకుని, షరతులతో వెళ్లడం ఒక దారి. స్కూబా గురించి మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది, అయినా మీకూ తెలియడం అవసరం. నీటి కింద ఉండేది అరగంటే గానీ, ముందు చెప్పే జాగ్రత్తలు, దుస్తులు, తీరం దగ్గర సాధన, పడవ, తిరిగొచ్చి స్నానం, అంతా కలిపితే మూడు గంటలు పోతుంది. పదేళ్లు నిండని పిల్లలను దింపరు. కాబట్టి భార్యాభర్తలకు ఉన్నవి రెండే మార్గాలు. ఒక పొద్దున ఒకరు, మరుసటి పొద్దున ఇంకొకరు దిగడం మొదటిది. అప్పుడు ఒడ్డున ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుంటారు, లెక్క సరిపోతుంది. కానీ ఇద్దరూ కలిసి చేపలను చూడాలన్న వాళ్ల కోరిక తీరదు. ఇద్దరూ ఒకేసారి వెళ్లి, ఆ మూడు గంటలు మీరు పిల్లలను హోటల్ గదిలోనో, నీళ్లు లేని తోటలోనో ఆడించడం రెండోది. ఇక్కడ నాకు మీ అబ్బాయి, కోడలి మీదా జాలి ఉంది. పాప పుట్టాక వాళ్లిద్దరికీ కలిసి ఒక పొద్దుటి పూట దొరికి ఎన్నేళ్లయిందో. "గదిలో అయితే సంతోషంగా చూసుకుంటాను, నీళ్ల దగ్గర అయితే ఒప్పుకోను" అని గీత గీసి చెప్పండి. పటం గీసే చేయి మీది, గీత ఎక్కడ గీయాలో మీకు తెలుసు. వాళ్లకు ఇంకో మాట కూడా: స్కూబా చేసిన తర్వాత కనీసం 18 గంటలు గడిచాకే విమానం ఎక్కడం మేలు, అందుకని దాన్ని చివరి రోజుకు పెట్టుకోకూడదు. రక్తపోటు, ఉబ్బసం లాంటివి ఉంటే దాచకుండా అక్కడి వాళ్లకు చెప్పాలి.

సెల్యులార్ జైలు సంగతి మీరనుకున్నంత కష్టం కాదు. విమానం దిగేది, ఎక్కేది పోర్ట్ బ్లెయిర్‌లోనే. 2024 సెప్టెంబరు నుంచి దాని పేరు శ్రీ విజయపురం. హావ్‌లాక్ పేరు 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ దీవి పేరు షహీద్ ద్వీప్. మీ పాత పటాలు దిద్దుకోవాలి. మొదటి రోజో చివరి రోజో ఎలాగూ ఆ ఊళ్లోనే గడుస్తుంది, జైలు ఊళ్లోనే ఉంది. అదనంగా ఒక్క రోజు కూడా పట్టదు. ఏ రోజు తెరిచి ఉంటుందో ముందుగా కనుక్కుంటే చాలు. "నాకు ఒక పూట కావాలి, ఆ పూట పిల్లలు మీ దగ్గర" అని అడగండి. అడిగితే కాదంటాడని నేననుకోను. అతనికి తట్టలేదు, అంతే. పుస్తకాల్లో తెలిసిందే కదా అన్న మాటకు మీ దగ్గర మంచి జవాబు ఉంది. 1857 జులై 17న హైదరాబాద్ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి దాడికి నడిచిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను ద్వీపాంతరం పంపింది అండమాన్‌కే. అప్పటికి ఈ జైలు లేదు, 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. ఏడు రెక్కల్లో ఇప్పుడు మిగిలినవి మూడు. కోఠీలో మనం మహిళా కళాశాలగా ఎరిగిన ఆ రెసిడెన్సీ భవనం నుంచి ఆ దీవుల దాకా ఒక మనిషి జీవితం ఎలా సాగిందో పాపకు చెప్పగలిగేది మీరొక్కరే. మెట్లు మాత్రం నెమ్మదిగా ఎక్కండి.

విమానం టికెట్ డబ్బులు మీ పెన్షన్ నుంచి ఇవ్వడం గురించి రాయలేదు మీరు. నాకు తట్టింది. "డబ్బు మాట ఎందుకమ్మా" అని అబ్బాయి నొచ్చుకోవచ్చు, నిజమే. కానీ తన టికెట్ తాను కొనుక్కున్న మనిషి "నాకొక పూట కావాలి" అన్నప్పుడు గొంతు సన్నబడదు. గదులూ భోజనాలూ వాళ్లు పెట్టుకుంటారు. ఇలా సగం సగం అయితే ఎవరి మనసూ నొవ్వకపోవచ్చు.

షరతులు పెట్టుకునేటప్పుడు పట్టికలో మరో మార్పు కూడా అడగండి. బారాటాంగ్ సున్నపురాయి గుహలు అని అందులో ఉన్నట్టు రాశారు. తెల్లవారకముందే బయలుదేరి, జారవా తెగవారి అడవి మీదుగా వాహనాల వరుసలో గంటల తరబడి పోయే దారి అది. మధ్యలో ఆగకూడదు, ఆ మనుషులను ఫోటో తీయడం నేరం. ఏడాదిన్నర పిల్లవాడితో అది శిక్ష. పోర్ట్ బ్లెయిర్, ఇంకొక్క దీవి చాలు. హావ్‌లాక్‌కు ఓడలో గంటన్నర నుంచి రెండున్నర గంటలు. వాంతులవుతాయి. మా ఇంట్లో నలుగురిలో ముగ్గురికి అయ్యాయి. ఓడ మధ్యలో, ఊపు తక్కువున్న చోట కూర్చోండి. బాబుకు మందు వేయాలా వద్దా అన్నది పిల్లల డాక్టర్‌ను అడిగి తేల్చుకోండి.

సాయంత్రాల గురించి మీకు చెప్పడం నాకు సరదా. మీ ఊరు 78.5 డిగ్రీల రేఖాంశం దగ్గర, పోర్ట్ బ్లెయిర్ 92.7 దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాలు, పద్నాలుగు డిగ్రీలు. గడియారం ఒకటే, సూర్యుడు దాదాపు గంట ముందు. జనవరిలో ఐదుంబావు ప్రాంతంలో పొద్దు గుంకుతుంది. పిల్లలు ఆరింటికే సోలిపోతారు, తెల్లవారుజామునే లేచి కూర్చుంటారు. కాబట్టి ఆటలన్నీ పొద్దున, ఎండ ముదరకముందే. వాగులు సముద్రంలో కలిసే చోట్ల, మడ అడవుల పక్కన నీళ్లలో దిగకూడదు, ఉప్పునీటి మొసళ్లుంటాయి. హెచ్చరిక బోర్డులు అలంకారానికి పెట్టలేదు. గవ్వలు, పగడపు ముక్కలు పాప సంచిలో చేరకుండా చూడండి, వాటిని తేవడానికి లేదు, విమానాశ్రయంలో తనిఖీ చేసి తీసేసుకుంటారు. విమానంలో రెండేళ్లు నిండని పిల్లలు ఒడిలోనే కూర్చుంటారు. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లినా రెండున్నర గంటలు. ఆ ఒడి ఎవరిదో ఇంట్లోనే తేల్చుకోండి. మీది కిటికీ పక్క సీటు కావాలి. మొదటి విమానం కదా.

మీ చెల్లెలు చెప్పినట్టు నోరు మూసుకుని వెళ్లడం రెండో దారి. గొడవ ఉండదు. తిరిగొచ్చాక ఫోటోలు బాగుంటాయి. కానీ ఆ ఫోటోల్లో మీరు ఎక్కడుంటారో మీకే తెలుసు, సంచుల పక్కన.

మూడోది వెళ్లకపోవడం. అది కూడా తప్పు కాదు. మోకాళ్లు నిజంగా సహకరించకపోతే, పడవ ఎక్కి దిగడం భయమైతే, ఆ మాటే చెప్పండి, సాకుగా కాదు, కారణంగా. అప్పుడు పిల్లలతో వెళ్లేది ఇద్దరు పెద్దవాళ్లే గనుక స్కూబా మానుకోవడమో, వంతులేసుకోవడమో వాళ్లు చూసుకుంటారు. మీ కోరిక సంగతంటారా, సముద్రం మీ అబ్బాయి సొత్తు కాదు. రిటైరైన టీచర్లు నలుగురు కలిస్తే బాపట్ల దగ్గర సూర్యలంక తీరం ఎంత దూరం? అక్కడ మీ చేతిలో పాలసీసా ఉండదు. అండమాన్ ఇంకో రెండు మూడేళ్లకు, బాబుకు నాలుగేళ్లు వచ్చాక, వాయిదా వేయమని అడగడం కూడా ఒక మార్గమే. పాప మొదట అలుగుతుంది, తర్వాత మరిచిపోతుంది. కోడలు మరిచిపోతుందా అన్నది నేను చెప్పలేను.

ఏ దారి పట్టినా, డిసెంబరులో ఒక ఆదివారం అందరూ కలిసి నాగార్జునసాగర్ వెళ్లి రండి. లాంచీ ఎక్కి నాగార్జునకొండకు. అదీ దీవే కదా, లోయ మునిగిపోతే మిగిలిన కొండ కొస. మీరు ఏ పదో తరగతి పిల్లలనో విహారయాత్రకు తీసుకెళ్లే ఉంటారు. లాంచీలో పిల్లలకు లైఫ్ జాకెట్ ఎవరు కడతారు, రేవులో దిగేటప్పుడు బాబు ఎవరి చంకలో ఉంటాడు, ఎవరు ఫోను తీసి ఫోటోలు తీస్తూ నిలబడతారు, ఇవన్నీ అక్కడ బయటపడతాయి. ఐదు రాత్రుల ప్రయాణంలో ఏం జరగబోతోందో ఆ ఒక్క రోజులో మీకూ కనబడుతుంది, వాళ్లకూ కనబడుతుంది. మీ నాయన మోసిన రాళ్లు పాపకు చూపించినట్టూ ఉంటుంది.

సునామీ గురించి. 2004 డిసెంబరు 26న ఆ దీవులు ఎంత నష్టపోయాయో మీరు పాఠం చెప్పే ఉంటారు. అప్పుడు మన దగ్గర ముందే చెప్పే ఏర్పాటు లేదు. 2007 నుంచి ఉంది, అదీ హైదరాబాద్‌లోనే, ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రంలో. అలలు ఎత్తుగా లేస్తాయనుకున్న రోజుల్లో కూడా అక్కడి నుంచే హెచ్చరికలు వస్తాయి. మీ అబ్బాయిని రోజూ పొద్దున అవి ఒకసారి చూడమనండి. భూమి గట్టిగా కంపించినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా ఎవరి ఫోను కోసమూ ఆగకుండా పిల్లలతో ఎత్తయిన చోటికి నడవాలి. రోజూ వచ్చే ఆటుపోట్లకు కంగారుపడకండి. నీళ్లు వెనక్కి తీసినప్పుడు నీల్ దీవిలో గుంటల్లో చిన్న చేపలు మిగిలిపోతాయి. పాపకు చెప్పులు తొడిగి చూపించండి, పగడపు రాళ్లు కోసుకుంటాయి.

చీర. నూలు నేత చీర వద్దు. తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది, ఇసుక పట్టి సాయంత్రానికి కూడా ఆరదు. సన్నటి సింథటిక్ రకం, ఇంట్లో కట్టుకునేది, పాతది అయితే మేలు. కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోండి. మీకు అలవాటుంటే పంజాబీ డ్రెస్ ఇంకా సుఖం. ఉప్పునీళ్లలో తడిసిన బట్టను ఆ రాత్రే మంచినీళ్లలో రెండుసార్లు జాడించి ఆరేయండి, లేకపోతే మర్నాటికి అప్పడంలా బిగుసుకుపోతుంది.